అందరికంటే తక్కువ ఇచ్చినవాడు

పోయినవారం దోర్సాఫ్‌ని మెట్ల మీద వదిలి వచ్చాం. చేతిలో ఫోను, ఫోనులో బావ పేరు, పెదవుల మీద నవ్వు. ఆ నవ్వు ఎందుకో తెలియనివాళ్ళ కోసం, తెలిసినా మళ్ళీ వినాలని ఉన్నవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను.

స్ఫాక్స్ అనే రేవుపట్నంలో ఏ మందు ఏ షాపులో దొరుకుతుందో చెప్పే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దాని పేరు దెల్నీ, అంటే దారి చూపమని. మందులకు కరువొచ్చిన ఏడాది దోర్సాఫూ మరికొందరు ప్రోగ్రామర్లూ జీతం బత్తెం లేకుండా దాన్ని రాశారు. పగలు ఎవరి ఉద్యోగం వాళ్ళది, సాయంత్రం దెల్నీది. దాన్ని నడిపే యంత్రాల అద్దెకి ఏటా వసంతంలో చిన్న చిన్న చందాలు పోగు చేస్తారు. దాన్ని ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. షరతు ఒక్కటే, రాసినవాళ్ళ పేర్లు చెరపకూడదు.

ఆ ఒక్క షరతునీ తప్పినవాడు నెజిబ్. దోర్సాఫ్ అక్క ఫాతెన్‌కి మొగుడు. ఒకప్పుడు వాళ్ళతో కూర్చుని టీ తాగినవాడే. దెల్నీని పట్టుకుపోయి, రంగు మార్చి, షాఫీనా అని పేరు పెట్టి, తన కంపెనీ సొంత సరుకని ఊరంతా అమ్ముతున్నాడు. రాసినవాళ్ళ పేర్ల పుట మాయమైంది. ఆ పుటలో మొదటి పేరు మెహ్రెజ్‌ది. మందుని వెతికి పట్టే భాగమంతా అతని చేతిపనే. రెండు చలికాలాల కిందట గాబెస్ రోడ్డు మీద లారీ గుద్ది పోయాడు. పోయినవాడు లేచొచ్చి నా పేరేదని అడగడని నెజిబ్ ధైర్యం. అడగడానికి నేను బతికే ఉన్నానని దోర్సాఫ్ పంతం. మెహ్రెజ్‌కీ ఆమెకీ మధ్య ఏముండేదో వాళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఒకరికొకరైనా చెప్పుకున్నారో లేదో నాకు అనుమానమే.

ఇక నవ్వు సంగతి. దెల్నీవాళ్ళకి ఒక ఆచారం ఉంది. కొత్త విడుదల వచ్చినప్పుడల్లా దానికి ఒక పేరు పెడతారు. ఎక్కువ ఇచ్చినవాడి పేరు కాదు, ఆ వసంతంలో అందరికంటే తక్కువ ఇచ్చిన మనిషి పేరు. తెర తెరవగానే అడుగున చిన్న అక్షరాల్లో ఆ పేరు కనిపిస్తుంది. ఈ ఏడు నెజిబ్ ఒక దినార్ పంపాడు. అంతకంటే తక్కువ ఇచ్చినవాళ్ళు ఊళ్ళో లేరు. ఆ పేరు అందరి ముందూ చదివే చదివింపు శనివారం. ఆ పై సోమవారం ప్రైవేటు ఆసుపత్రుల సంఘం ముందు షాఫీనా ప్రదర్శన. వాళ్ళు కొన్నారంటే మందుల షాపులన్నీ అటే పోతాయి, దెల్నీ మూలపడుతుంది, మెహ్రెజ్ పేరు మట్టిలో కలిసిపోతుంది.

దోర్సాఫ్ పోయినవారం కనిపెట్టింది ఇదీ. దెల్నీ కొత్త విడుదల రాగానే నెజిబ్ యంత్రాలు దాన్ని వాటంతటవే లాక్కుని, పేరూ రంగూ మార్చి, తన ఖాతాదారుల తెరల మీద పెడుతున్నాయి. పేర్ల పుటని తుడిచేస్తున్నాయి. అడుగున పేరున్న చిన్న లైనుని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. అంటే సోమవారం ఆసుపత్రుల పెద్దలందరి ముందు నెజిబ్ సొంత తెర మీద నెజిబ్ పేరే వస్తుంది. 'అందరికంటే తక్కువ చందా ఇచ్చినందుకు దెల్నీ కృతజ్ఞతలు' అని. దొంగ తన నోటితో తానే దొంగనని చెప్పుకుంటాడు. ఆమె చెయ్యవలసింది నోరు మూసుకుని కూర్చోవడమే.

ఆ శనివారం మధ్యాహ్నపు నమాజు అయ్యాక బాబ్ జెబ్లీ కోటగుమ్మం దగ్గర కుట్టుమిషన్లు బాగుచేసే షాపు మీది గదిలో అందరూ చేరుతున్నారు. కింద ఎవరో మిషన్ తొక్కి చూస్తున్నారు, నేల సన్నగా అదురుతోంది. వీధిలో మోపెడ్ల రొద. ఖెమైస్ బాబాయి కిటికీ దగ్గర బాదంపప్పు వేసిన టీ కాస్తున్నాడు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి, దెల్నీవాళ్ళకి పెద్ద. ఏటా పేరు చదివేది ఆయనే.

దోర్సాఫ్ ఆయన పక్కన చేరింది. ఇంకెవరికీ వినపడనంత మెల్లగా అంతా చెప్పింది. చెబుతుంటే ఆమె కళ్ళు మెరిశాయి. అంత సంతోషంగా ఆమెను చూసి చాలాకాలమైంది గనుక ఖెమైస్ మొదట కొంచెం మురిసిపోయాడు కూడా. తర్వాత టీ కూజా కింద పెట్టాడు.

"నాకిది నచ్చలేదమ్మా."

"నీకు నచ్చాలని చెయ్యట్లేదు బాబాయ్. వాడు ఏడవాలని చేస్తున్నా."

"ఏడిపించు. నేనూ చూస్తా, చప్పట్లు కూడా కొడతా. కానీ దీంతో కాదు." ఆయన కూజా మూతని వేలితో తిప్పుతూ అన్నాడు. "ఈ పద్ధతి పెట్టింది ఎవరు?"

పెట్టింది మెహ్రెజే. మొదటి ఏడాది సీదీ మన్సూర్ పేటలో మట్టిపొయ్యి మీద రొట్టెలు కాల్చి అమ్మే మబ్రూకా అనే ఆవిడ, బేరం అయ్యాక మిగిలిన చిల్లర పంపింది. దాంతో యంత్రం ఒక్క నిమిషం కూడా నడవదని ఎవరో పరాచికమాడారు, గదంతా నవ్వింది. దోర్సాఫ్ కూడా నవ్వింది. మెహ్రెజ్ నవ్వలేదు. "మనం ఇచ్చేది జేబులో మిగిలింది, ఆవిడ ఇచ్చింది ఇంట్లో లేనిది" అని, ఆ విడుదలకి మబ్రూకా అని పేరు పెట్టి, ఎవరినీ అడక్కుండా బయటికి పంపేశాడు. ఆ ఏడంతా ఊళ్ళో మందుల షాపుల తెరల మీద ఒక రొట్టెలావిడ పేరు వెలిగింది. ఆవిడ మనవరాళ్ళని వెంటేసుకుని షాపు షాపుకీ వెళ్ళి చూసుకుంది.

"మబ్రూకాకి పెట్టింది దండ," అన్నాడు ఖెమైస్. "అదే దండ తీసి నువ్వు నెజిబ్ మెడలో చెప్పుల దండలా వేస్తానంటున్నావు. రేపట్నించి తక్కువ ఇచ్చినవాడంటే పిసినారి అని అర్థం. ఇక మబ్రూకా లాంటివాళ్ళు ఇస్తారా? సిగ్గుపడి ఊరుకుంటారు. మనల్ని బతికిస్తున్నదే వాళ్ళు."

"వాడు మెహ్రెజ్ పేరు చెరిపాడు బాబాయ్."

"చెరిపాడు. నువ్వు మెహ్రెజ్ చేసిన పని చెరుపుతావా?"

దోర్సాఫ్‌కి ఒళ్ళు మండిపోయింది. నిజం చెప్పినవాళ్ళ మీద వచ్చే కోపం అది, అబద్ధం చెప్పినవాళ్ళ మీద వచ్చేదానికంటే ఘాటుగా ఉంటుంది. రెండేళ్ళుగా పండగనాడు అక్క ఇంట్లో ఉప్పుచేపా, ఉల్లీ ఎండుద్రాక్షా ఉడికించిన చర్మూలా తింటూ, ఎదురుగా కూర్చున్న ఆ మనిషి మూతి తుడుచుకోవడం చూస్తూ ముద్ద మింగింది. ఇవాళ చేతికి దొరికాడు. ఇప్పుడు వచ్చి నీతులు చెబితే ఎవరికి పడుతుంది?

"నువ్వు పేరు చదువు, చాలు," అంది. "మిగతాది నా పాపం."

అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడైంది. ఆ గదికి బూట్లతో వచ్చేవాళ్ళు లేరు. పైకి వచ్చినవాడు నెజిబ్. ఇస్త్రీ చొక్కా, చేతిలో పేరున్న కొట్టు బక్లావా మిఠాయి డబ్బా, మనిషికంటే ముందు గదిలోకి వచ్చిన అత్తరు. కారు తాళాలు బల్ల మీద అందరికీ కనపడేలా పెట్టాడు.

"ఇంకా ఈ మిషన్ల చప్పుళ్ళోనే ఉన్నారా మీరు?" అన్నాడు గదంతా కలయజూస్తూ. "ఏం మరదలా, బావని చూసి లేవనైనా లేవవు."

"లేస్తే కుర్చీ కూడా పట్టుకుపోతావేమోనని బావా."

గదిలో ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. నెజిబ్ కూడా నవ్వాడు. అతనికి అదొక విద్య, తన మీద వేసిన జోకుకి అందరికంటే పెద్దగా నవ్వి దాన్ని తనదిగా చేసుకుంటాడు. ఆ విద్యతోనే దెల్నీని కూడా తనదిగా చేసుకున్నాడు.

"నోరు తగ్గలేదు. పెళ్ళయ్యుంటే తగ్గేది." డబ్బా విప్పి ఆమె ముందుకి జరిపాడు. "తిను. మీ అక్క పంపింది. నేనూ ఈ ఏడు చందాదారుణ్ణే, తెలుసుగా? ఆసుపత్రులవాళ్ళు కాగితాల్లో అడిగారు, ఊళ్ళో స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళకి మీ కంపెనీ ఏం చేసిందీ అని. మీ అక్కకి చెప్పా, ఆ దెల్నీవాళ్ళకి ఎంతో కొంత పడేసి మన పేరు ఎక్కించు అని. అవన్నీ ఆవిడే చూసుకుంటుంది."

అంటే ఈ మనిషికి ఆచారం సంగతే తెలియదు. మబ్రూకా పేరు పెట్టేనాటికి అతను గదికి రావడం మానేశాడు. దోర్సాఫ్ బక్లావా ముక్క ఒకటి తీసుకుని, తినకుండా పట్టుకుంది. ఖెమైస్ ఆమె వైపే చూస్తున్నాడు. ఆ చూపుకి ఆమె కొంచెం తగ్గింది. సరే, ఒక్క అవకాశం ఇద్దాం అనుకుంది. ఇచ్చానని రేపు తనకు తాను చెప్పుకోడానికైనా పనికొస్తుంది.

"బావా, ఒక మాట అడుగుతా. సూటిగా చెప్పు."

"అడుగు."

"షాఫీనాలో మెహ్రెజ్ పేరు మళ్ళీ పెడతావా? మా పేర్లొద్దు. నాదీ వద్దు. వాడిదొక్కటి."

నెజిబ్ టీ గ్లాసు అందుకున్నాడు. ఊదుకుంటూ తాగాడు.

"నేను ఎవరి పేరూ చెరపలేదు దోర్సా. ఒట్టు."

"మరి ఎలకలు కొరికాయా?"

"నువ్వు నమ్మవని తెలుసు. సరే, పోయిందే అనుకో. ఇప్పుడు పెట్టమంటావు. పెడితే ఏమవుతుంది? ఆసుపత్రివాడు ఈ మెహ్రెజ్ ఎవరయ్యా, రేపు ఏదైనా పాడైతే పిలిపించు అంటాడు. నేను ఎక్కణ్ణించి పిలిపించను?" అతను గొంతు తగ్గించాడు, జాలిగా మాట్లాడుతున్నాననుకుని. "పోయినవాడికి పేరెందుకు చెప్పు. బతికున్నోళ్ళం తిందాం. నువ్వు కూడా ఈ ముష్టెత్తుకోడం మాని నా దగ్గరకొచ్చెయ్, మంచి జీతం ఇస్తా. సోమవారం తర్వాత మీ దెల్నీకి ఎటూ పని ఉండదు."

దోర్సాఫ్ చేతిలోని బక్లావా ముక్కని మళ్ళీ డబ్బాలో పెట్టింది. వేళ్ళకి అంటిన పాకాన్ని కాగితంతో శుభ్రంగా తుడుచుకుంది. లోపల ఏదో గొళ్ళెం పడ్డట్టయింది. ఇక జాలీ లేదు, మొహమాటమూ లేదు. అక్క సంసారం ఏమవుతుందన్న బెంగ ఒకటి ఇన్నాళ్ళూ అడ్డం వచ్చేది, అదీ పోయింది.

"కూర్చో బావా," అంది. "చదివింపు చూసి వెళ్ళు. నీకు బాగుంటుంది."

అంతలో వసీలా పిన్ని వచ్చింది. మెహ్రెజ్ తల్లి. తెల్లటి సఫ్సారీ కప్పుకుని, మోకాళ్ళ నొప్పితో మెట్టుకొకసారి ఆగి ఎక్కినట్టుంది, గుమ్మం పట్టుకుని ఊపిరి తీసుకుంది. ఆవిడ చదివింపుకి రావడం కొడుకు పోయాక ఇదే మొదలు. గదిలో వాళ్ళంతా లేచారు. నెజిబ్ కూడా లేచి, మర్యాదగా ఆవిడ తల మీద ముద్దు పెట్టుకున్నాడు. ఆవిడ పెట్టించుకుంది. దోర్సాఫ్ వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"మోకాళ్ళెలా ఉన్నాయి పిన్నీ?"

"ఉన్నాయి. అవే నన్ను మోసుకొచ్చాయి. ఆ బక్లావా ఎవరిది?"

"నెజిబ్ తెచ్చాడు."

"అట్టా. నాకొద్దులే."

ఖెమైస్ లేచి నిలబడ్డాడు. టీ గ్లాసులు అందరికీ అందాయి. ఆయన గొంతు సవరించుకుని, కొత్తవాళ్ళు ఎవరైనా ఉంటారని ఏటా చెప్పే మాటలే చెప్పాడు. మబ్రూకా కథ చెప్పాడు. తక్కువ ఇచ్చినవాళ్ళ పేరే ఎందుకు పెడతారో చెప్పాడు. ఆ పేరు తెర మీద ఎక్కడ, ఏ అక్షరాల్లో వస్తుందో కూడా చెప్పాడు. ఆ చివరి ముక్క ఏ ఏడూ చెప్పేది కాదు. దోర్సాఫ్ పళ్ళు నూరింది.

నెజిబ్ మొదట తల ఊపుతూ విన్నాడు. తర్వాత తల ఊపడం ఆగింది. వ్యాపారం చేసేవాడికి లెక్క చప్పున తగులుతుంది, తగిలింది. తను ఎంత ఇచ్చాడో, ఆ పేరు ఎవరిదవుతుందో, అది సోమవారం ఎవరి ముందు వెలుగుతుందో వరసగా అతని ముఖంలో కనిపించాయి. దోర్సాఫ్ ఆ ముఖాన్ని కళ్ళార్పకుండా చూసింది. ఎన్ని సాయంత్రాలు ఈ ముఖం కోసం కాచుకుందో. మనసు చల్లబడుతుందనుకుంది, చల్లబడింది కూడా. అందులో దాపరికం ఏమీ లేదు, ఆమె ఆ క్షణంలో సుఖపడింది.

"బాబాయ్, ఒక్క నిమిషం," అన్నాడు నెజిబ్. పర్సు అప్పుడే బయటికి వచ్చేసింది. "ఆ దినార్ మా ఆవిడ పొరపాటున పంపింది. నేను ఇవ్వాలనుకున్నది చాలా ఎక్కువ. ఇదిగో, ఇది కూడా నా పేర కలుపుకో."

"అయిపోయింది బావా," అంది దోర్సాఫ్. "చందాల నెల నిన్నటితో సరి."

"పేరు చదివేదాకా తలుపు తీసే ఉంటుంది," అన్నాడు ఖెమైస్ నేలవైపు చూస్తూ. "అదీ ఆచారమే."

"బాబాయ్."

"ఆచారమమ్మా. నాకూ ఇవ్వబుద్ధి కావట్లేదు. కానీ తలుపు తీసే ఉంది."

దోర్సాఫ్ లేచి నిలబడింది. "ఈ గదిలో ఒక్కడికైనా కోపం రాదా? వాడు మనందరి కష్టం దోచాడు. పోయినవాడికి పేరెందుకన్నాడు, ఇప్పుడే, ఇక్కడే కూర్చుని అన్నాడు. దానికీ మర్యాదేనా? దానికీ తలుపు తియ్యడమేనా?"

నెజిబ్ నోట్లు లెక్క పెట్టకుండానే ఖెమైస్ చేతిలో పెట్టబోయాడు.

"నీ డబ్బు నీ జేబులో పెట్టుకో నాయనా," అంది వసీలా పిన్ని. "నీ పేరు రాదు."

ఆవిడ సఫ్సారీ కొంగు ముడి విప్పుతోంది. వేళ్ళు సరిగా వంగవు గనుక కొంచెం సేపు పట్టింది. ముడిలోంచి ఒక ఇత్తడి బిళ్ళ తీసి బల్ల మీద పెట్టింది. వంద మిల్లీములు, దినార్‌లో పదోవంతు. ఇప్పుడు దానికి అగ్గిపెట్టె కూడా రాదు.

"నాది ఇదీ. ఇంతకంటే తక్కువ ఎవరన్నా ఇచ్చారా ఖెమైసూ?"

"లేదమ్మా," అన్నాడాయన.

"అయితే సరి. చదువు."

నెజిబ్ గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. బిళ్ళ వైపు, ఆవిడ వైపు చూసి, వంగి మళ్ళీ తల మీద ముద్దు పెట్టుకున్నాడు. "నువ్వు మా అమ్మవి," అన్నాడు. నోట్లు పర్సులోకి వెళ్ళిపోయాయి. అవి అంత తొందరగా వెళ్ళిపోవడం గదిలో అందరూ చూశారు.

దోర్సాఫ్ కూలబడింది. తను ఎవరి కోసం ఇదంతా చేస్తోందో ఆ మనిషి కన్నతల్లే వచ్చి అంతా పాడుచేసింది. ఆవిడ మీద కోపం తెచ్చుకోవడం ఎలాగో ఆమెకు తెలియలేదు. చెవి దగ్గరికి వంగి, "ఎందుకు పిన్నీ, ఎందుకిలా చేశావు?" అని మాత్రం అడగగలిగింది.

"నా కొడుకు పెట్టిన పద్ధతే. దాంతో ఒకర్ని తిట్టడమేంటి? మబ్రూకా ఏమనుకుంటుంది?" అంది పిన్ని. తర్వాత దోర్సాఫ్ చేతి మీద తట్టింది. "ఆగు. తొందరపడమాక."

ఖెమైస్ కంప్యూటర్ ముందు కూర్చుని, కళ్ళజోడు సర్దుకున్నాడు. ఏటా అడిగే ప్రశ్నే అడిగాడు.

"ఏ పేరున రాయమంటావమ్మా?"

"ఊరు నన్నెట్టా పిలుస్తుందో అట్టాగే రాయి."

ఖెమైస్ వేళ్ళు అక్షరాల మీద ఆగిపోయాయి. స్ఫాక్స్‌లో తొలిబిడ్డ పుట్టిన రోజు నుంచి తల్లి పేరు ఇంట్లో దాక్కుంటుంది, బయట ఆ బిడ్డ పేరే ఆవిడ పేరు. కూరల కొట్లో, ఆసుపత్రిలో, పెళ్ళిళ్ళలో వసీలాని వసీలా అని పిలిచినవాళ్ళు లేరు.

"ఉమ్ మెహ్రెజ్," అని పైకి చదివాడు ఖెమైస్. మెహ్రెజ్ తల్లి.

గదిలో ఎవరో మెల్లగా మళ్ళీ అన్నారు ఆ పేరు. మరొకరు అన్నారు. కింద మిషన్ ఆగింది.

నెజిబ్‌కి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. అలా నవ్వుతూ నవ్వుతూ పిన్ని వైపు తిరిగాడు. ఆవిడ అతని కళ్ళలోకి చూస్తోంది. ఆ చూపులో తిట్టు లేదు, శాపం లేదు, తొందర కూడా లేదు. చాలాకాలంగా ఒక పని కోసం ఎదురుచూసి, ఆ పని పూర్తిచేసుకున్న మనిషి చూపు అది.

"పోయినోడికి పేరెందుకని నేనూ అనుకున్నా నాయనా," అంది. "బతికున్నదాన్ని నేనున్నాగా. వాడి పేరు నా పేరే. సోమవారం నీ పెద్దమనుషులు ఈ ఉమ్ మెహ్రెజ్ ఎవరని అడిగితే, నన్ను పిలిపించు. దగ్గర్లోనే ఉంటా. నడిచి వస్తా."

దోర్సాఫ్ ఇంక ఆగలేదు. ఖెమైస్‌ని లేపి ఆ కుర్చీలో కూర్చుంది. ఆవిడ చేసినదాని ముందు తన పగ ఎంత చిన్నదో తలచుకుని సిగ్గు వేసింది. ఆ సిగ్గు కింద నవ్వు కూడా వచ్చింది. కొత్త విడుదలని బయటికి పంపే మీట నొక్కింది. దెల్నీ, ఉమ్ మెహ్రెజ్ విడుదల. ఇక ఏ క్షణమైనా నెజిబ్ యంత్రాలు దాన్ని లాక్కుని, రంగు మార్చి, తమ తెరల మీద పెట్టుకుంటాయి.

"ఒక్క ఫోన్ కొడితే ఆ లైను ఉండదు," అన్నాడు నెజిబ్. ముఖం ఎర్రగా కందిపోయింది. "ఏమనుకున్నారు? సోమవారం దాకా నాకు టైముంది. ఒక్క ఫోన్."

"కొట్టు బావా. రోడ్డు మీదికెళ్ళి కొట్టు, ఇక్కడ సరిగా వినపడదు."

అతను తాళాలు అందుకుని మెట్లు దిగాడు. బక్లావా డబ్బా మరిచిపోయాడు. కిటికీలోంచి చూస్తే మోపెడ్ల మధ్య నిలబడి, ఒక చెవి మూసుకుని, ఫోనులో అరుస్తున్నాడు. అవతలివాళ్ళు ఏమంటున్నారో గాని అరుపు పోను పోను బతిమాలాటలోకి దిగింది.

అది చూస్తుండగా దోర్సాఫ్ ఫోను మోగింది. అక్క.

ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళింది. బావ వీధిలో తన ఫోనుకేసి చూసుకుంటూ నిలబడ్డాడు, అవతల పెట్టేసినట్టున్నారు.

"అక్కా."

"మీ బావ ఇప్పుడే ఫోన్ చేశాడు," అంది ఫాతెన్. గొంతు ఎప్పటిలా లేదు. "అడుగునున్న పేరు తీసెయ్యమన్నాడు."

"నీకెందుకు చెయ్యడం? ఆఫీసువాళ్ళకి చెయ్యొచ్చుగా."

"ఆఫీసులో ఎవరికీ రాదు దోర్సా. పేరూ రంగూ వాటంతటవే మారేలా ఆ యంత్రాలకి మొదట్నించీ రాసిపెట్టింది నేనే. మీ బావకి ఒక్క ముక్క రాయడం రాదు, ఆ మాట నీకూ తెలుసు. నువ్వెప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆయన ఏ పేరూ చెరపలేదు. అసలు అలాంటి పుట ఒకటుందనే ఆయనకి తెలీదు. మెహ్రెజ్ పేరు చెరిపింది నేను."

వీధి, మోపెడ్లు, గోడ నీడలో నిలబడ్డ బావ, అన్నీ అలాగే ఉన్నాయి. ఒట్టేసి చెప్పాడు గదా. తను నవ్వింది. ఎలకలు కొరికాయా అంది. రెండేళ్ళ పగ చేతిలో పట్టుకుని, అది ఎవరి మీద వెయ్యాలో తెలియక దోర్సాఫ్ కిటికీ చువ్వ పట్టుకుంది.

"ఎందుకు?" అంది చివరికి.

"చెబుతా. కానీ నీకొక్కదానికే చెప్పేది కాదు. పిన్ని వెళ్ళిపోయిందా?"

దోర్సాఫ్ వెనక్కి తిరిగింది. పిన్ని అక్కడే ఉంది. మోకాళ్ళ నొప్పి మరిచి లేచి వచ్చి, పక్కనే నిలబడి ఉంది. ఎవరి ఫోనని అడగలేదు. చెయ్యి మాత్రం చాపింది.

"ఫాతెనేగా? ఇట్టా ఇవ్వు," అంది. "వాడు పోయిన రోజు నుంచీ ఆ పిల్ల ఫోన్ కోసమే కూర్చున్నా."